వీధిలో నిద్రపోయే బాతు

కందిరీగకి ఆ పేరు పెట్టింది వాళ్ళన్న. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉండేదట, పిలిచే దిక్కులేక అది ఎప్పుడో మాసిపోయింది. చిన్నప్పటినుంచీ ఎవరైనా మీద చెయ్యి వేస్తే ముందు కరిచేసి, ఆ తర్వాత ఎందుకేశావని అడిగే రకం. పెద్దమడుగులో కాపలా పడవ నడిపినన్నాళ్ళూ ఆమె చేత తన్నులు తిననివాడు రేవులో లేడని జనం అంటారు. జనానికేం, చెప్పేటప్పుడు నాలుగు కలిపే చెబుతారు. కానీ ఆమె పడవ చప్పుడు వినగానే వల వదిలేసి, రెల్లుపొదల్లో బోర్లాపడి పాకుతూ పారిపోయిన మగాళ్ళు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. అడిగితే ఒప్పుకోరు, అంతే.

ఆ కోపం గాల్లోంచి రాలేదు. వాళ్ళ నాన్న పిట్టలు పట్టేవాడు. వలేసి కూర్చుంటే పిట్టలు వాటంతటవి వచ్చి పడవు, పిలిచే పిట్ట ఒకటి కావాలి. దాన్ని దీమం అంటారు. దీమం ప్రాణంతో ఉండాలి, అరవాలి, కానీ ఎగిరిపోకూడదు. అందుకని దాని కళ్ళు కుడతారు. సూదితో కింది రెప్పలోంచి దారం లాగి, పై రెప్పలోంచి తీసి, ముడి బిగిస్తారు. ఏమీ కనబడని పిట్ట భయంతో తనవాళ్ళని పిలుస్తుంది, ఆ పిలుపు విని గుంపంతా దిగుతుంది, గుంపు మీద వల పడుతుంది. ఆ కుట్టుపనికి సన్నటి వేళ్ళు కావాలి. ఆ ఇంట్లో సన్నటి వేళ్ళు కందిరీగవే.

తోటిపిల్లలు ఆడుకునే వయసులో ఆమె చేసిన పని అది. కుట్టు వంకర పోతే తండ్రి అదే సూది ఆమె అరచేతిలో గుచ్చేవాడు. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి దీమాలన్నిటి దారాలూ కత్తిరించి వదిలేసింది. తండ్రి వచ్చాడు, ఖాళీ బుట్టలు చూశాడు. జుట్టు పట్టుకుని రేవు దాకా ఈడ్చుకెళ్ళి, తల నీళ్ళలో ముంచాడు. పైకి తీసి, “ఇంకోసారి విప్పుతావా?” అన్నాడు. జవాబు వినకుండానే మళ్ళీ ముంచాడు. రేవు నిండా మనుషులున్నారు. ఒక్కడు కదిలితే ఒట్టు. ఎవరింటి గొడవ వాళ్ళది కదా! ఛీ, ఏం జనం! కదిలింది అన్న ఒక్కడే. మీసం కూడా మొలవని వాడు పడవలోంచి తెడ్డు తీసి, బలమంతా పెట్టి తండ్రి భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నీళ్ళలో ఉన్న కందిరీగకి కూడా వినిపించింది.

తండ్రి మళ్ళీ వల ఎత్తలేదు. మంచాన పడి, కొడుకుని తిట్టి తిట్టి పోయాడు. నన్నడిగితే ఆ మనిషికి అది చాలా తక్కువ. తల్లి వీళ్ళ పసితనంలోనే పోయింది కాబట్టి ఇంటి బరువంతా అన్న నెత్తిన పడింది. చెల్లెలికి తిండి పెట్టింది వాడే, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది వాడే, ఎవడైనా వెకిలిగా చూస్తే వాడి పళ్ళు రాలగొట్టింది వాడే. ఆ ఋణం ఈ జన్మకి తీరదని ఆమెకీ తెలుసు, వాడికీ తెలుసు. ఏనాడూ ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత పెద్దమడుగుని రక్షిత ప్రాంతం చేశారు. వలలు బంద్, ఉచ్చులు బంద్, తుపాకీ కనబడితే జైలు. కాపలాకి మనుషులు కావాలని రేంజరు రేవుకొచ్చి అడిగితే కందిరీగ ముందుకొచ్చింది. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టే అని ఊరంతా నవ్వింది. అన్న నవ్వలేదు. ఇంటికొచ్చి చెంప చెళ్ళుమనిపించాడు. ఆమె వాడి బొటనవేలు కొరికింది. ఇద్దరూ నెత్తురు కడుక్కుని పక్కపక్కన కూర్చుని భోంచేశారు.

“నీ దారి నీది, నా దారి నాది. నా వల జోలికి రాకు,” అన్నాడు వాడు.

“నా పడవకి కనబడకు,” అంది ఆమె.

చాలాకాలం అలాగే నడిచింది. వాడు ఆమె తిరిగే వైపు వల వెయ్యలేదు, ఆమె వాడు పోయే వైపు పడవ తిప్పలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టాలని లేనప్పుడు కందిరీగ మాత్రం ఎలా పడుతుంది?

ఇక ఆ ఉద్యోగం సంగతి. మడుగుకొచ్చే బాతులకి దేశమంటూ ఒకటి లేదు. మంచుకొండల అవతల పైదేశంలో గూళ్ళు పెట్టి పిల్లల్ని చేస్తాయి, దారిలో నడిమిదేశం బురదనేలల్లో దిగి మేస్తాయి, చలికాలానికి ఇక్కడికొస్తాయి. ఒకరు ఎంత కాపాడినా ఇంకొకరి దగ్గర వల పడితే అంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని మూడు దేశాల రక్షిత ప్రాంతాలవాళ్ళూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. పైదేశంవాళ్ళు బాతుల కాళ్ళకి రింగులు వేస్తారు, కొన్నింటి వీపున చిన్న డబ్బీ కడతారు. తానెక్కడుందో ఆ డబ్బీ ఆకాశంలోకి చెబుతూ ఉంటుంది. మూడుచోట్లా ఒకే పొద్దున లెక్క తీస్తారు. ఏ బాతు ఎవరి నేల మీద మాయమైతే దాన్ని, లేదా దాని శవాన్ని, వెతికి చూపించాల్సిన పూచీ ఆ దేశానిది. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏటా చలికాలం ఒక దేశం మనిషి వచ్చి ఇంకో దేశం పడవలో కూర్చోవాలి. ఒకరి పని ఒకరు కళ్ళారా చూడకపోతే నమ్మకం ఎక్కణ్ణించి పుడుతుంది?

అలా పైదేశం నుంచి కందిరీగ పడవలోకి వచ్చిన మనిషి రింగులమ్మ. పక్షుల డాక్టరు. నెరిసిన జుట్టు, బక్కప్రాణం, గట్టిగా గాలేస్తే పడిపోయేట్టుండేది. ఇక్కడి మాట ఆవిడ కందిరీగ దగ్గరే నేర్చుకుంది. గురువుని బట్టే విద్య కదా! మొదటి సమావేశంలో లేచి నిలబడి, రేంజరుకి దణ్ణం పెట్టి, “ఒరేయ్ సన్నాసీ, మా బాతులు బాగున్నాయా?” అని ఎంతో మర్యాదగా అడిగింది. రేంజరు ముఖం కందగడ్డ అయింది. కందిరీగ నవ్వాపుకోలేక బల్ల కింద దూరింది.

ఒకసారి రెల్లు మలుపులో వలగాళ్ళు తమ పడవతో వీళ్ళ పడవని గుద్దారు. ఒకడు వెనకనుంచి కందిరీగ మెడకి వలతాడు వేసి బిగించాడు. కళ్ళు తేలేస్తున్న వేళ ఆ బక్కప్రాణి లంగరు రాయి రెండు చేతులా ఎత్తి వాడి మోకాలి మీద వేసింది. వాడు గావుకేక పెట్టి కూలిపోయాక, “సరిగ్గా కొట్టానా?” అని అడిగింది. అన్న తర్వాత తన కోసం ఇంకో మనిషి చెయ్యెత్తడం కందిరీగ బతుకులో అదే మొదలు. ఆ రోజునుంచి ఆవిణ్ణి “అమ్మా” అనే పిలిచింది. కన్నతల్లి ముఖం గుర్తులేని మనిషి ఆ మాట ఊరికే అనదు.

అలా కొన్ని చలికాలాలు గడిచాక ఒక బాతుతో పేచీ వచ్చింది. తలమీద నల్లపట్టీలున్న బాతు. దాని వీపున డబ్బీ కట్టింది రింగులమ్మే. రేవు పక్కన కాపలా గదిలో ఫోను తెరిచి, పటం మీద చుక్కలు చూపించింది.

“ఇటు చూడవే. పగలు మడుగులో ఉంటోంది, బానే ఉంది. పొద్దుగూకితే ఊళ్ళోకొచ్చి వీధిలో నిద్రపోతోంది. ఎక్కడైనా అడవి బాతు వీధిలో నిద్రపోతుందా?”

“దానికి ఊళ్ళో చుట్టాలున్నారేమోనమ్మా,” అంది కందిరీగ.

అంది గానీ, నవ్వు సగంలోనే ఆగిపోయింది. చుక్కలు పడిన పేట ఆమె పుట్టిన పేట.

ఆకాశం నుంచి వచ్చే కబురు పేటని చూపిస్తుంది గానీ ఇంటిని చూపించదు. ఇల్లు పట్టాలంటే యాంటెన్నా చేత్తో పట్టుకుని తిరగాలి. అది డబ్బీకి ఎదురుగా వస్తే ఇయర్‌ఫోన్లో టిక్కు టిక్కుమంటుంది. దగ్గరయ్యేకొద్దీ చప్పుడు పెరుగుతుంది. లెక్క ముందురోజని మడుగు నిండా కాపలా పడవలే ఉండడంతో మర్నాడు చుక్క పేట దాటలేదు, పగటిపూటే ఇద్దరూ బయల్దేరారు. యాంటెన్నా కందిరీగ చేతిలో, ఇయర్‌ఫోన్లు కందిరీగ చెవుల్లో, వెనకాల రింగులమ్మ. సైకిలు రిపేరు కొట్టు దాటారు. ఇస్త్రీ బండి దాటారు. బొగ్గులపెట్టె ఊపుకుంటూ బండివాడు, “టీవీ రావట్లేదా కందిరీగా?” అని వేళాకోళమాడాడు. వాడికి జవాబు చెప్పే తీరిక లేదామెకి. టిక్కులు మొదలయ్యాయి. మోరీ మీద వేసిన పలక దాటేసరికి ఎక్కువయ్యాయి. నీలం తలుపు ఇంటి ముందుకొచ్చేసరికి చెవులు పగిలిపోతున్నాయి.

అది అన్న ఇల్లు. గుమ్మంలో వదిన గిన్నెలు తోముతోంది.

“ఏం అమ్మాయ్, గుమ్మం దాకా వచ్చి లోపలికి రావా?”

కందిరీగ చెయ్యి దానంతటదే ఎదురింటివైపు తిరిగింది. టిక్కులు సన్నబడ్డాయి. “తర్వాత వస్తాలే వదినా, పనిలో ఉన్నాను,” అని ముందుకి నడిచింది. వీధి చివర ఇయర్‌ఫోన్లు పీకి మెడలో వేసుకుంది.

“ఏం లేదమ్మా. డబ్బీ చచ్చిపోయినట్టుంది.”

రింగులమ్మ ఆమె ముఖంలోకి చూసింది. “సరే,” అంది చివరికి. ఇద్దరూ వచ్చిన దారినే తిరిగొచ్చారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో కందిరీగకి ఆ మధ్యాహ్నం అర్థమైంది. చెబితే తనకి ఊపిరి పోసిన అన్న జైలుకి పోతాడు. చెప్పకపోతే తనని నమ్మి పక్కన కూర్చున్న మనిషిని మోసం చేసినట్టు. కంచం నెట్టేసి లేచిపోయింది.

పొద్దు వాలుతుండగా పెరటిదారిన అన్న ఇంట్లో దూరింది. స్నానాలగది మూల, గంప కింద బాతు ఉంది. వీపున డబ్బీ. రెండు కళ్ళకీ నల్లదారం. కుట్టి చాలా రోజులైనట్టుంది, రెప్పలు చీముపట్టి దారంతో కలిసి గడ్డకట్టుకుపోయాయి. అలికిడి విని మెడ చాచి పిలిచింది. ఆ పిలుపు వినగానే కందిరీగ గంప ముందు చతికిలబడింది.

“ఏమే, పెరట్లోంచి వచ్చావు? దొంగతనానికా?” వెనక అన్న, భుజాన తువ్వాలుతో, నవ్వుతూ.

“డబ్బీ ఎందుకు తీయలేదన్నయ్యా?”

“తీస్తే ఆగిపోతుంది. ఆగిపోతే మీరంతా బిలబిలమంటూ దిగుతారు. తీయకపోతే? బాతు మడుగులో హాయిగా ఉందని పైదేశంవాళ్ళు చంకలు గుద్దుకుంటారు. నా దీమం నాకుంటుంది, వాళ్ళ ఆనందం వాళ్ళకుంటుంది. ఎలా ఉంది మీ అన్న బుర్ర?”

“ఏడ్చినట్టుంది. అడవి బాతు రాత్రిళ్ళు ఇంట్లో పడుకుంటుందా?”

వాడు నోరు తెరిచాడు. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. తాతల కాలంనుంచీ దీమాన్ని సాయంత్రం ఇంటికి తెచ్చి గంప కింద పెట్టే కుటుంబం. దాన్ని మడుగులో వదిలి రావాలన్న ఊహే వాడికి రాలేదు. మొత్తం ఆకాశాన్ని బోల్తా కొట్టించాననుకున్నవాడు గంప దగ్గర దొరికిపోయాడు. తర్వాత పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూసి కందిరీగకి కూడా నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“ఇచ్చెయ్యి, తీసుకుపోతాను.”

“ఈ చలికాలం పోనీవే. ఇంత గొంతున్న దీమం నాన్నకి కూడా దొరకలేదు.”

ఆమె గంప మీద చెయ్యి వేసింది. వాడు మణికట్టు పట్టి మెలిపెట్టాడు. ఆమె తలతో వాడి ముక్కు మీద గుద్దింది. ముక్కు పగిలి నెత్తురు గడ్డం మీదుగా కారింది. వాడు ఆమెని ఎత్తి గోడకేసి కొట్టాడు. కుండ పగిలింది, నీళ్ళు చిమ్మాయి. పెంకుల మీద ఇద్దరూ దొర్లారు. వదిన లబోదిబోమంటూ మధ్యలో దూరి ఇద్దరి చేతా తిన్నది. చివరికి ఆయాసంతో ఇద్దరూ చెరో గోడకీ చేరగిలబడ్డారు.

“నీ కోసం కన్నతండ్రి భుజం విరగ్గొట్టాను,” అన్నాడు వాడు, నెత్తురు మింగుతూ. “నా కోసం ఒక్క బాతుని చూడలేదనుకోలేవా?”

ఇన్నేళ్ళలో వాడు ఆ మాట ఎత్తడం అదే మొదలు. కందిరీగ గంపవైపు చూడకుండా లేచింది.

“రేపు లెక్క. అందరం పడవల్లో ఉంటాం. మధ్యాహ్నం వస్తాను,” అంది. “నేనొచ్చేలోపు దాని కళ్ళు విప్పి మడుగులో వదిలెయ్యి. లేదంటే పోలీసులతో వస్తాను.”

“ఆ ముసలావిడకి తెలిసిందా?”

“వీధి దాకా తెలుసు, ఇల్లు తెలీదు. కానీ వదిలే మనిషి కాదు. ఇవాళ కాకపోతే రేపు వస్తుంది.”

ఆ ఒక్క మాట నోట్లోనే ఉంచుకుని ఉంటే! కానీ అన్న దగ్గర నోరు కట్టేసుకోవడం ఆమెకి ఎవరు నేర్పారు? చెల్లెలు వెళ్ళేదాకా ఆగి, వాడు తనతో వలలేసే ఇద్దర్నీ పిలిపించాడు.

మర్నాడు పొద్దున్నే పడవలన్నీ సిద్ధమయ్యాయి. రింగులమ్మ కడుపునొప్పి అని గదిలోనే ఉండిపోయింది. లెక్క తప్పించే మనిషి కాదావిడ, జ్వరంతో మూలుగుతూ కూడా పడవెక్కేది. కందిరీగకి అనుమానం రావాలి. రాకపోగా గుండె మీది బండ దిగినట్టయింది, ఆవిడ ముఖం చూడకుండా ఒక పూట గడిచిపోతుందని. మడుగంతా తిరిగి బాతుల్ని లెక్కపెట్టింది. మూడు దేశాల్లోనూ అదే వేళకి అదే పని జరుగుతోంది. తిరిగొచ్చేసరికి రేవులో రేంజరు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

రింగులమ్మ ఒంటరిగా ఆ ఇంటికి వెళ్ళింది. అన్నా, ఆ ఇద్దరూ తలుపు వెనక తెడ్లు పట్టుకుని కాచుకున్నారు. ఆవిడ గంప దగ్గర కూర్చోగానే వెనకనుంచి కొట్టారు. పడిపోయాక డొక్కల్లో తన్నారు. ఎంత తన్నినా గంప వదల్లేదట. అప్పుడు ఆవిడ కుడిచెయ్యి లాగి గుమ్మం బండ మీద పెట్టి, తెడ్డు అంచుతో వేళ్ళు చితక్కొట్టారు. బాతు మెడ విరిచి ఆవిడ మీదికి విసిరారు. ఈడ్చుకెళ్ళి మోరీ పక్కన పారేశారు. ఇస్త్రీ బండివాడు చూసి, కస్టమరు దుప్పటి ఒకటి లాగి కప్పి, ఆస్పత్రికి మోయించాడు. ఆ వీధిలో మనిషన్నవాడు వాడొక్కడే ఉన్నాడు.

“పోలీసులకి చెప్పాను, నువ్వాగు,” అని రేంజరు అంటూనే ఉన్నాడు. కందిరీగ పడవలోంచి తెడ్డు లాక్కుని అప్పటికే రోడ్డెక్కింది.

నీలం తలుపు ముందు ఇద్దర్లో ఒకడు అడ్డం వచ్చాడు. పిక్కల మీద పడిన దెబ్బకి మోరీలోకి దొర్లాడు. రెండోవాడు ఆమె ముఖం చూసి గోడ దూకి పోయాడు. అన్న లోపల గుమ్మం బండ కడుగుతున్నాడు. కడిగిన నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“కొట్టాలనుకోలేదే. వాళ్ళిద్దరూ మొదలెట్టారు. ముందు చెయ్యి నాది కాదు,” అన్నాడు.

“చివరి చెయ్యి ఎవరిది? వేళ్ళ మీద కొట్టిందెవరు?”

వాడి చూపు గుమ్మం బండ మీదికి పోయింది. అదే జవాబు. ఆమె తెడ్డు తిప్పి కొట్టింది. అడ్డం పెట్టిన ముంజేయి పుటుక్కున విరిగింది. వాడు గోడకి వేలాడుతున్న ఇనపకొక్కెం ఎడంచేత్తో లాగి విసిరాడు. అది ఆమె చెవి చీల్చుకుపోయింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే తుడుచుకోకుండానే మోకాలి మీద ఇంకోటి వేసింది. వాడు పడ్డాడు. ఆమె వాడి రొమ్ము మీద కూర్చుని రెండు చేతులతో గొంతు పట్టుకుంది. వదిన వెనకనుంచి బిందెతో వీపు మీద బాదుతోంది, “చంపేస్తావా అమ్మాయ్, ఆయన నీ అన్నే, నీ అన్నే!” అని అరుస్తోంది. కందిరీగకి ఆ దెబ్బలు తెలియడం లేదు. చంపేద్దామనే ఉంది. వాడి ముఖం నల్లబడింది. గొంతులోంచి గురక వచ్చింది. నీళ్ళలోంచి తల పైకి లేచినప్పుడు తన ఊపిరి అలాగే గురకపెట్టేది. వేళ్ళు వదులయ్యాయి.

వలతాడుతో వాడి నడుముకి కట్టి, కుంటుకుంటూ నడిపించుకుంటూ, పట్టపగలు వీధి మధ్యనుంచి స్టేషనుకి తీసుకెళ్ళింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

“ఆవిడ వస్తుందని నీకెలా తెలిసింది?” అని ఎస్సై వాణ్ణి అడిగాడు. “ఇంటి మనిషి ఎవరైనా కబురందించారా?”

అన్న తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. గొంతు మీద ఆమె వేళ్ళ గుర్తులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

“మా చెల్లికేం తెలీదు సార్. కిటికీలోంచి మేమే చూశాం.”

అంత కొట్టినా, తాడు కట్టి ఈడ్చుకొచ్చినా, వాడు మళ్ళీ ఆమెకి అడ్డం నిలబడ్డాడు. కందిరీగకి సిగ్గుతో ఏడుపు తన్నుకొచ్చింది. ఆ అబద్ధాన్ని మాత్రం దిద్దలేదు. చీలిన చెవి పట్టుకుని బయటికొచ్చేసింది.

ఆస్పత్రిలో రింగులమ్మకి తినిపించడం, ఒళ్ళు తుడవడం, జడ వెయ్యడం అంతా కందిరీగే చేసింది. డాక్టర్లు రెండు వేళ్ళు తీసేశారు, మిగతావి ఇక వంగవన్నారు. బాతు కాలికి రింగు వెయ్యడానికి ఆ చెయ్యి ఇక పనికిరాదు. దవడ వాపు తగ్గి మాట పెగిలిన రోజు ఆవిడే మొదలుపెట్టింది.

“ఆ గుమ్మం దగ్గర నీ చెయ్యి తిరిగింది. చూశాను.”

కందిరీగ చేతిలో చెంచా ఆగిపోయింది.

“వదినా అని పిలిచావు. మీ అన్న ఇల్లని అర్థమైంది. పోలీసులతో వెళ్తే అన్నని నువ్వే పట్టించినట్టవుతుంది. నీకు ఆ బాధ వద్దనుకున్నాను. అందుకే కడుపునొప్పి అన్నాను. లెక్కరోజున వలగాళ్ళు ఇళ్ళలో ఉండరు, సరుకమ్ముకోడానికి పోతారని నువ్వే చెప్పావు కదా. మీ వదిన ఒక్కతే ఉంటుంది, బతిమాలి బాతుని తెచ్చేసుకుందామనుకున్నాను. నీ పేరు ఎక్కడా రాకుండా అయిపోయేది.” కాసేపు ఊపిరి తీసుకుంది. “ఒక్కటే అర్థం కావట్లేదే. వాళ్ళు తెడ్లు పట్టుకుని కాచుకున్నారు. నేనొస్తానని వాళ్ళకెవరు చెప్పారు?”

ఊరుకుంటే ఊరుకున్నట్టే. అన్న ప్రాణం పోయినా నోరు విప్పడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. కందిరీగ ఆ కట్టుకట్టిన చేతిని చూసింది. పడితే పడనీ అనుకుంది.

“నేనే చెప్పానమ్మా. ముందురోజు సాయంత్రం వెళ్ళాను. బాతుని వదిలెయ్యమని మధ్యాహ్నం దాకా గడువిచ్చాను. నువ్వు వదిలే మనిషివి కాదు, వస్తావు అని కూడా చెప్పాను.”

రింగులమ్మ కట్టుకట్టిన చేతిని దుప్పటి కిందికి లాక్కుంది.

“నాతో ఒక్క మాట అని ఉంటే?”

“వాడు నా అన్నమ్మా.”

“మరి నేనెవర్ని?”

ఏం చెయ్యాలో తెలియక కందిరీగ చెంచా మళ్ళీ ఆవిడ నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది.

“ఇంక రాకు,” అంది.

కందిరీగ అక్కణ్ణించి తిన్నగా స్టేషనుకి, అక్కణ్ణించి రేంజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసింది. ఉద్యోగం పోయింది. పోలీసులు అన్న పేరు పక్కన ఆమె పేరు కూడా రాసుకున్నారు, పిలిస్తే రావాలన్నారు. పైదేశంవాళ్ళు ఇకమీదట తమ మనుషుల్ని ఆ పడవలోకి పంపబోమని చెప్పేశారు. అది విని రేంజరు ముఖం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాటినుంచి ఆమె రోజూ ఆస్పత్రికి వెళ్ళింది. వార్డు లోపలికి మాత్రం పోలేదు, బయట బల్ల మీద కూర్చుని సాయంత్రం లేచిపోయేది. పైదేశం నుంచి మనుషులొచ్చి రింగులమ్మని తీసుకుపోయే రోజున కూడా అక్కడే ఉంది. స్ట్రెచరు దగ్గరికి రాగానే లేచి నిలబడి, “అమ్మా,” అంది.

ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. స్ట్రెచరు ఆగలేదు.